కయాక్ మీద ఫిష్ ఫైండర్, బ్యాటరీ బిగించడం: ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ పెట్టాలి, రంధ్రాలు ఎలా వేయాలి?

నీటిబాట

అందరికీ నమస్తే. చాలా రోజుల నుంచి ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. నాది సిట్ ఆన్ టాప్ కయాక్, మూడున్నర మీటర్ల పొడవు, పాలిథిలీన్ ది. తెడ్డుతోనే నడుపుతా, మోటారు లేదు పెడల్ కూడా లేదు. ఇన్నాళ్ళూ ఎక్కడ లోతుందో, ఎక్కడ రాళ్ళున్నాయో గాలం వేసి తడుముకోవడమే, ఇప్పుడు నీటి అడుగునీ చేపల్నీ స్క్రీన్ మీద చూపించే ఏడంగుళాల ఫిష్ ఫైండర్ ఒకటి తీసుకున్నా. మామూలు సోనార్ (శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోతు చూపేది) తో పాటు డౌన్ ఇమేజింగ్ (కిందున్నదాన్ని ఫోటోలా చూపేది) కూడా ఉంది. మాన్యువల్ లో కరెంట్ 0.9 ఆంపియర్ అని రాశారు.

ఇంట్లో పాత అలారం సిస్టమ్ లోంచి తీసిన 12 వోల్ట్, 7 ఆంప్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంది, అది సరిపోతుందా? పొద్దున్నే వెళ్తే ఎనిమిది గంటలు నీళ్ళ మీదే ఉంటా. ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్ళలోకి శబ్దం పంపి తిరిగొచ్చేది పట్టే ముక్క) హల్ (కయాక్ అడుగు పెంకు) లోపల అతికించాలా, పక్కన రాడ్ కి వేలాడదీయాలా? అన్నిటికన్నా పెద్ద భయం డ్రిల్లింగ్. ఇష్టపడి కొనుక్కున్న కయాక్, చేతిలో డ్రిల్ పట్టుకుని దాని ముందు అరగంట నిలబడి మళ్ళీ లోపల పెట్టేశా. చేసినవాళ్ళు కాస్త చెప్పండి.

గాలంపురుగు

స్వాగతం తమ్ముడూ. డ్రిల్ లోపల పెట్టేసి మంచి పని చేశావ్. ముందు ఒక్క రంధ్రం కూడా వేయకుండా అంతా తాత్కాలికంగా కట్టుకుని రెండు మూడు సార్లు నీళ్ళలోకి వెళ్ళు. స్క్రీన్ ని స్ట్రాప్ తో కట్టు, బ్యాటరీని మూతున్న డబ్బాలో పెట్టు, ట్రాన్స్‌డ్యూసర్ ని ఒక కర్రకి జిప్ టై తో బిగించి పక్కన దించు. చూడటానికి బావుండదు, పర్లేదు. స్క్రీన్ తెడ్డుకి తగులుతోందా, మోకాలికి అడ్డమొస్తోందా, చేప పట్టి పక్కకి లాగేటప్పుడు లైన్ దానికి చుట్టుకుంటోందా అన్నవి ఇంట్లో కూర్చుని లెక్కేస్తే తేలేవి కావు. నేను మొదటి కయాక్ కి స్క్రీన్ సరిగ్గా ఎదురుగా బిగించా, చూడటానికి అద్భుతంగా ఉండేది, కానీ చేపని ఒళ్ళోకి తీసుకునే ప్రతిసారీ అడ్డమే. ఇప్పుడు ఎడమ వైపు, చెయ్యి చాపితే అందేంత దూరంలో, తొడ ఎత్తుకి పెట్టుకున్నా.

ఫ్యూజ్‌మనిషి

బ్యాటరీ సంగతి నేను చెప్తా.

0.9 ఆంపియర్ ని 8 గంటలతో గుణిస్తే 7.2 ఆంప్ అవర్. నీ బ్యాటరీ మీద 7 అని రాసుంది కాబట్టి కొద్దిగా తక్కువే కదా అనిపిస్తుంది, కానీ లెడ్ యాసిడ్ కి ఆ 7 అనే అంకె 20 గంటల పాటు మెల్లగా వాడితే వచ్చేది, అంటే 0.35 ఆంపియర్ చొప్పున. దానికి రెట్టింపు కన్నా ఎక్కువ లాగితే మొత్తం కాస్త తగ్గుతుంది. పైగా లెడ్ యాసిడ్ ని సగం కన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది, ఖాళీ అయ్యాక రెండు రోజులు అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ పూర్తిగా ఎక్కదు. కాబట్టి నీకు నిజంగా దొరికేది మూడున్నర ఆంప్ అవర్లు, అంటే నాలుగు గంటల లోపే. అదీ కొత్త బ్యాటరీ అయితే. అలారంలో ఏళ్ళ తరబడి కూర్చున్నదాని మీద అంత నమ్మకం పెట్టకు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకో, ఎల్‌ఎఫ్‌పీ అంటారు. 12.8 వోల్ట్ అని రాసుంటుంది ఎందుకంటే లోపల 3.2 వోల్ట్ సెల్స్ నాలుగు వరుసగా ఉంటాయి. 10 ఆంప్ అవర్ అయితే తొమ్మిది దాకా బెంగ లేకుండా వాడొచ్చు, నీ ఎనిమిది గంటలకి సరిపోయి కొంచెం మిగుల్తుంది. 12 అయితే ఇంకా నిశ్చింత. బరువు కూడా చూడు, 7 ఆంప్ అవర్ లెడ్ రెండు కిలోల పైనే ఉంటుంది, 10 ఆంప్ అవర్ ఎల్‌ఎఫ్‌పీ ఒక కిలో చిల్లర.

ఛార్జర్ మాత్రం ఎల్‌ఎఫ్‌పీ కోసం చేసిందే వాడు, 14.6 వోల్ట్ దగ్గర ఆగేది. పాత లెడ్ యాసిడ్ ఛార్జర్లలో కొన్నిటికి సల్ఫేట్ విడగొట్టే మోడ్ ఉంటుంది, అది ఎక్కువ వోల్టేజ్ కొడుతుంది, లిథియం కి మంచిది కాదు. సున్నా డిగ్రీల కన్నా చలిగా ఉన్నప్పుడు అసలు ఛార్జ్ పెట్టొద్దు.

సన్నగాలి

మూడు సెల్స్ ఉన్న మామూలు లిథియం అయాన్ ప్యాక్ అయితే ఇంకా తేలిక కదా? నా దగ్గర ఒకటి ఉంది, వాడొచ్చా?

ఫ్యూజ్‌మనిషి

మూడు సెల్స్ ది నిండుగా ఉన్నప్పుడు 12.6, ఖాళీ అయ్యేసరికి 9 వోల్ట్ దగ్గరకి వస్తుంది. చాలా ఫిష్ ఫైండర్లు 10, 11 వోల్ట్ దగ్గరే ఆగిపోతాయి, అంటే ప్యాక్ లో ఇంకా కరెంట్ ఉండగానే స్క్రీన్ పోతుంది. నాలుగు సెల్స్ ది అయితే నిండినప్పుడు 16.8, అది నీ యూనిట్ తట్టుకునే పరిమితిలో ఉందో లేదో మాన్యువల్ లో చూసుకోవాలి. ఎల్‌ఎఫ్‌పీ అయితే దాదాపు మొత్తం వాడకంలో 13 వోల్ట్ చుట్టూనే ఉంటుంది, అందుకే దీనికి అంత బాగా నప్పుతుంది.

దాంట్లో ఒక చిక్కుంది, అది కూడా తెలుసుకో. వోల్టేజ్ అలా కదలకుండా ఉంటుంది కాబట్టి స్క్రీన్ మీద అంకె చూసి ఇంకా ఎంతుందో చెప్పలేవు. 13.1 చూపిస్తూ చూపిస్తూ చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది, బీఎమ్ఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కట్ చేసేస్తుంది, మీటర్ పెడితే సున్నా చూపిస్తుంది. బ్యాటరీ చచ్చిపోయిందని కంగారు పడకు, ఛార్జర్ పెడితే లేస్తుంది. గంటల లెక్క రాసుకోవడమే నమ్మకమైన పద్ధతి.

బురదపాదం

ట్రాన్స్‌డ్యూసర్ కి నా ఓటు హల్ లోపల అతికించడానికే. నాలుగేళ్ళుగా నాది లోపలే ఉంది. కింద ఏమీ వేలాడదు, గడ్డి చుట్టుకోదు, ఇసుక మీద లాగినా బెంగ లేదు, రంధ్రం కూడా అక్కర్లేదు. హల్ ఒకే పొర ప్లాస్టిక్ అయితే చాలు. మధ్యలో ఫోమ్ ఉన్న మూడు పొరల హల్ అయితే మాత్రం పని చేయదు, ఫోమ్ అంటే గాలే కదా, శబ్దం అక్కడే ఆగిపోతుంది.

లోతుచూపు

బురదపాదం గారూ, మీ యూనిట్ మామూలు 200 కిలోహెర్ట్జ్ సోనార్ మాత్రమే అనుకుంటా. నీటిబాట గారి దాంట్లో డౌన్ ఇమేజింగ్ ఉందన్నారు, అక్కడే తేడా వస్తుంది.

నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు వెళ్తుంది. 200 కిలోహెర్ట్జ్ అంటే ఒక్కో అల పొడవు ఏడున్నర మిల్లీమీటర్లు. డౌన్ ఇమేజింగ్ 800 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తే అల రెండు మిల్లీమీటర్ల లోపే. హల్ ప్లాస్టిక్ మందం చాలా కయాక్ లకి ఐదారు మిల్లీమీటర్లు ఉంటుంది. పొడుగు అల దాంట్లోంచి కొంత పోగొట్టుకుని అయినా దాటుతుంది, పొట్టి అల ఆ ప్లాస్టిక్ లోనే చాలా వరకు అరిగిపోతుంది. లోతు చూపిస్తుంది, చేప గీతలు వస్తాయి, కానీ రాళ్ళూ కొమ్మలూ ఫోటోలా కనపడాలని కదా డౌన్ ఇమేజింగ్ కి డబ్బు పెట్టింది, అది మసకబారిపోతుంది. నీటి ఉష్ణోగ్రత సెన్సర్ కూడా నీళ్ళని తాకదు కాబట్టి హల్ ఎంత వేడిగా ఉంటే అంత చూపిస్తుంది.

అందుకని ఈయనకి నీళ్ళలో తడిసే మౌంటే మంచిదని నా అభిప్రాయం.

బురదపాదం

నిజమే అండి, నాది మామూలు సోనారే, ఇమేజింగ్ లేదు. ఆ సంగతి గమనించలేదు. అయినా ఆయన అతికించకుండానే పరీక్ష చేసుకోవచ్చు. హల్ లోపల ఆ చోట రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి ట్రాన్స్‌డ్యూసర్ ని ఆ నీళ్ళలో ఆనించి కయాక్ ని నీటి మీద ఉంచి చూడండి, తర్వాత అదే చోట పక్క నుంచి నేరుగా నీళ్ళలో ముంచి చూడండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుంటే మీకే తెలుస్తుంది. ఒక పైసా ఖర్చు లేదు.

అతికించేవాళ్ళ కోసం ఒక్క మాట, ఇక్కడ ఎవరైనా తర్వాత చదువుతారు కాబట్టి. జిగురులో గాలి బుడగ ఉంటే మొత్తం పోయినట్టే. మొదటిసారి నేను ట్యూబ్ నొక్కి చుట్టలు చుట్టలుగా వేసి పైన ట్రాన్స్‌డ్యూసర్ పెట్టి అదిమేశా, మధ్యలో గాలి ఇరుక్కుంది, రెండు మీటర్ల లోతు దాటితే చుక్కలు తప్ప ఏమీ లేవు. రెండోసారి మధ్యలో ఒకే ముద్దగా వేసి, ట్రాన్స్‌డ్యూసర్ ని ఒక అంచు ముందు ఆనించి మెల్లగా వాలుస్తూ, అటూ ఇటూ తిప్పుతూ కూర్చోబెట్టా, జిగురు అన్ని వైపులా బయటికి పొంగింది, పైన ఇసుక సంచి పెట్టి రెండు రోజులు ముట్టుకోలేదు. ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంది. జిగురే ఇష్టం లేకపోతే మందపాటి ఫోమ్ లో ట్రాన్స్‌డ్యూసర్ ఆకారంలో గూడు కోసి ఆ ఫోమ్ ని హల్ కి అతికించి గూట్లో నీళ్ళు పోసి పెట్టేవాళ్ళు ఉన్నారు, కావాలంటే మళ్ళీ తీసుకోవచ్చు.

నీలిఅల

నేను ఎక్కువగా సముద్రంలో తిరుగుతా, ఆ కోణంలో రెండు విషయాలు చెప్తా.

తమ్ముడూ నువ్వు ఒకసారి బోల్తా పడతావ్. ఎప్పుడో ఒకప్పుడు అందరం పడతాం. కాబట్టి ప్రతీదీ కయాక్ తలకిందులైతే ఏమవుతుంది అని ఆలోచించి బిగించు. బ్యాటరీ డబ్బా ఊరికే వెనక పెట్టి వదిలేస్తే ఊడి లోపల కొట్టుకుంటుంది, స్ట్రాప్ తో కట్టు. సీటు వెనక మధ్యగీత మీద వీలైనంత కింద ఉంచు, బరువు కింద ఉంటే కయాక్ నిలకడగా ఉంటుంది. ముక్కు దగ్గర పెడితే ముందు దిగిపోయి తిన్నగా వెళ్ళదు. ఇక వైర్లు. కాళ్ళ దగ్గర వదులుగా ఉన్న వైర్ చాలా ప్రమాదం, నీళ్ళలోంచి మళ్ళీ ఎక్కేటప్పుడు పాదానికి చుట్టుకుంటే కయాక్ తో పాటు నువ్వూ ఇరుక్కుంటావు. మిగిలిన వైర్ మొత్తం లోపలికి తోసి బయట అరచేతి పొడవు కన్నా ఎక్కువ కనపడకుండా చూసుకో. ట్రాన్స్‌డ్యూసర్ వైర్ ఎక్కువైంది కదా అని మాత్రం కోయకు, వదులుగా చుట్టి లోపల పెట్టు. పవర్ వైర్ అయితే కోసుకోవచ్చు.

ఉప్పునీళ్ళ సంగతి ఇంకోటి. ప్లగ్ పిన్నుల మధ్య ఉప్పునీళ్ళు చేరి కరెంట్ ఆన్ లో ఉంటే ప్లస్ పిన్ తినేస్తుంది. నిజంగా తినేస్తుంది, నేను కళ్ళారా చూశా. ఒక ట్రిప్ లో స్క్రీన్ వెనక ప్లగ్ సరిగ్గా తిప్పకుండా వదిలేశా, సాయంత్రం విప్పి చూస్తే మైనస్ పిన్ మెరుస్తోంది, ప్లస్ పిన్ సగం అరిగి ఆకుపచ్చ పొడి అయిపోయింది. అందుకే ఆపేటప్పుడు స్క్రీన్ బటన్ తో ఆపి ఊరుకోకుండా బ్యాటరీ దగ్గరే ప్లగ్ పీకేస్తా.

ఫ్యూజ్‌మనిషి

నీలిఅల గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు ఫ్యూజ్. చాలా యూనిట్లకి 3 ఆంపియర్ చెప్తారు, నీ మాన్యువల్ లో ఎంతుంటే అంత. అది స్క్రీన్ దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్ టెర్మినల్ కి జానెడు లోపే ఉండాలి. ఎందుకంటే ఫ్యూజ్ కాపాడేది ముఖ్యంగా వైర్ ని. బ్యాటరీకి, ఫ్యూజ్ కి మధ్య ఉన్న వైర్ ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే ఆ ముక్కకి కాపలా ఎవరూ లేరు, ఎల్‌ఎఫ్‌పీ షార్ట్ అయితే వచ్చే కరెంట్ కి వైర్ ఎర్రగా కాలుతుంది. కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

వైర్ 16 గేజ్, తగరం పూత ఉన్న రాగి. మామూలు రాగి వైర్ ని ఒక చివర నీళ్ళు తాకితే పీచుల మధ్య నుంచి పైకి పాకి కొన్నాళ్ళకి లోపలంతా నల్లబడుతుంది. అతుకులు క్రింప్ చేసి (చిన్న లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి) లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ వేడి చేసి దించు, చివర్ల నుంచి జిగురు చిన్న బొట్టులా బయటికి రావాలి, అప్పుడే మూసుకున్నట్టు. టేప్ చుట్టి వదిలేయకు.

నీటిబాట

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. 12 ఆంప్ అవర్ ఎల్‌ఎఫ్‌పీ తీసుకున్నా. బురదపాదం గారు చెప్పిన నీళ్ళ పరీక్ష కూడా చేశా. లోతుచూపు గారు చెప్పినట్టే అయింది, మామూలు సోనార్ హల్ లోపల నుంచి బానే ఉంది గానీ డౌన్ ఇమేజింగ్ నాలుగు మీటర్ల తర్వాత బూడిద రంగు తప్ప ఏమీ లేదు, నేరుగా ముంచితే అదే చోట మునిగిన చెట్టు కొమ్మలు కనపడ్డాయి. కాబట్టి పక్కన దించే రాడ్ ఖాయం చేసుకున్నా. నా కయాక్ కి అడుగున ట్రాన్స్‌డ్యూసర్ కోసం గూడున్న స్కప్పర్ రంధ్రం (పైన పడ్డ నీళ్ళు కిందికి పోయేది) లేదు.

ఇక రంధ్రాలు. రాడ్, స్క్రీన్ రెండూ పక్కనున్న రైల్ (సామాను బిగించే పట్టా) మీదే బిగుస్తాయి, ఆ పట్టా కయాక్ తో పాటే వచ్చింది. వైర్లు లోపలికి వెళ్ళడానికి ఒక్క రంధ్రం తప్పదు. అది ఎలా వేయాలి?

గాలంపురుగు

ఒక్కటే అయితే చాలా తేలిక. నీటిమట్టానికి పైన, వీలైతే నిలువుగా ఉన్న గోడ మీద వేయి, పైకి చూసే చోట వేస్తే నీళ్ళు నిలుస్తాయి. హ్యాచ్ లోంచి చెయ్యి పెట్టి ఆ చోటు వెనక ఏముందో తడిమి చూడు, వెనక గాలం కర్ర పెట్టే గొట్టం గోడో స్కప్పర్ గొట్టమో ఉంటే దాన్ని కూడా తొలిచేస్తావు. కాగితం టేప్ అతికించి గుర్తు పెట్టు, డ్రిల్ జారకుండా ఉంటుంది. ముందు 3 మిల్లీమీటర్ల బిట్ తో చిన్నది, తర్వాత మెట్ల బిట్ తో మెల్లగా పెంచుకుంటూ రా. స్పీడ్ ఎక్కువ పెడితే ప్లాస్టిక్ కోసుకోకుండా కరిగి బిట్ కి చుట్టుకుంటుంది. అంచు గుండ్రంగా నున్నగా ఉండాలి, ఎక్కడైనా చీలిక గాటు ఉంటే తర్వాత పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, చిన్న చాకుతో గీరి నున్నగా చేయి. లోపల పడిన పొట్టు తుడిచెయ్, లేకపోతే ఆ పొట్టు నీళ్ళు తోడే పంపులో ఇరుక్కుంటుంది.

రంధ్రం సైజు వైర్ కి కాదు, ట్రాన్స్‌డ్యూసర్ ప్లగ్ కి తగ్గట్టు ఉండాలి, అది మర్చిపోయి చాలా మంది రెండోసారి పెంచుతారు. చీలిక ఉన్న రబ్బరు బిరడాతో వచ్చే కేబుల్ గ్లాండ్ వాడు, ప్లగ్ దూరాక వైర్ చుట్టూ రబ్బరు మూసుకుంటుంది.

నీలిఅల

బయట వైర్ ని గ్లాండ్ కన్నా కొంచెం కిందికి వంచి మళ్ళీ పైకి తెచ్చి దూర్చు. వైర్ మీద జారే నీళ్ళు ఆ వంపు దగ్గర బొట్లు బొట్లుగా రాలిపోతాయి, గ్లాండ్ దాకా రావు.

సన్నగాలి

సిలికాన్ తో సీల్ చేస్తే చాలదా? గ్లాండ్ ఎందుకు.

గాలంపురుగు

పాలిథిలీన్ కి చాలా జిగుర్లు సరిగ్గా అంటుకోవు సన్నగాలీ. సిలికాన్ కొన్నాళ్ళు పట్టుకున్నట్టు ఉంటుంది, ఎండకి ప్లాస్టిక్ సాగి చల్లబడి ముడుచుకుని అంచు దగ్గర పొరలా లేచిపోతుంది, గోరుతో లాగితే మొత్తం ఊడొస్తుంది. గ్లాండ్ ని నట్టు బిగింపు పట్టుకుంటుంది, సీలెంట్ దానికి తోడు మాత్రమే. నట్టు కూడా మరీ బిగించేయకు తమ్ముడూ, ప్లాస్టిక్ లోపలికి కుంగి చుట్టూ లేస్తుంది.

నీటిబాట

రంధ్రం వేసేశా!! చెయ్యి కొంచెం వణికింది గానీ మెట్ల బిట్ తో నిజంగా వెన్నలా దిగింది. గ్లాండ్ బిగించా, పైనుంచి మగ్గుతో నీళ్ళు పోసి చూశా, లోపల చుక్క లేదు.

కానీ ఇప్పుడు ఇంకో సమస్య. నిన్న నీళ్ళ మీద అరగంట బానే ఉంది, ఎండ ఎక్కాక బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచగానే స్క్రీన్ ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. తగ్గిస్తే ఆగుతోంది. బ్యాటరీ నిండుగా ఉంది, మీటర్ పెడితే 13.3. ప్లగ్ చివర పెట్టినా 13.3 వచ్చింది. యూనిట్ పాడైందంటారా? చాలా దిగులుగా ఉంది.

ఫ్యూజ్‌మనిషి

తొందరపడి యూనిట్ ని అనుమానించకు. ప్లగ్ చివర కొలిచినప్పుడు స్క్రీన్ ఆన్ లో ఉందా, ప్లగ్ విప్పి ఊరికే కొలిచావా?

నీటిబాట

విప్పి కొలిచా అన్నా.

ఫ్యూజ్‌మనిషి

అదీ సంగతి. కరెంట్ పారనప్పుడు ఎంత చెడ్డ అతుకైనా పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది. ఒక్క పీచు మీద ఆధారపడి ఉన్నా 13.3 ఏ వస్తుంది. పారుతున్నప్పుడే దాని అసలు రంగు తెలుస్తుంది.

ఇలా చేయి. అంతా కలిపి స్క్రీన్ ఆన్ చేసి బ్రైట్‌నెస్ ఆరిపోయే ముందు దాకా పెంచు. మీటర్ ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ కి, నల్ల ప్రోబ్ స్క్రీన్ కి వెళ్ళే ప్లస్ వైర్ చివరికి పెట్టు. ప్లస్ కి ప్లస్ కే, పొరపాటు కాదు. అక్కడ వచ్చే అంకె అంటే ఆ దారిలో పోయిన వోల్టేజ్, 0.1, 0.2 దాకా పర్లేదు. తర్వాత మైనస్ నుంచి మైనస్ కి అలాగే. ఎటు ఎక్కువ వస్తే దొంగ అటున్నట్టు. ప్రోబ్ ని వైర్ మీద ఒక్కో అతుకు దాటిస్తూ వస్తే ఏ అతుకో కూడా దొరుకుతుంది. ఏ అతుకు వేడిగా ఉందో వేలితో తాకి కూడా చూడు.

నీటిబాట

దొరికింది!! ప్లస్ వైపు 0.1. మైనస్ వైపు 2.4. బ్యాటరీ డబ్బా బయట మైనస్ వైర్ పొడవు చాలక ఒక ముక్క కలిపా, తొందరలో మెలితిప్పి టేప్ చుట్టా, ఆ ఒక్కటే అలా చేశా, మిగతావన్నీ క్రింప్ చేశా. తాకితే గోరువెచ్చగా ఉంది. టేప్ విప్పితే లోపల తడి, పీచులు నల్లగా. కోసేసి క్రింప్ చేసి హీట్ ష్రింక్ దించా, ఇప్పుడు 0.05. బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి గంట ఉంచా, కదల్లేదు. టేప్ చుట్టొద్దని మీరు ముందే చెప్పారు, వినాల్సింది అన్నా. చాలా చాలా థాంక్స్.

ఫ్యూజ్‌మనిషి

సంతోషం తమ్ముడూ. 2.4 వోల్ట్, ఒక ఆంపియర్ దగ్గర అంటే దాదాపు రెండున్నర వాట్లు ఆ చిన్న అతుకులోనే వేడిగా పోతున్నాయి. పైగా ఈ యూనిట్లకి వోల్టేజ్ తగ్గితే అదే వెలుగు కోసం ఎక్కువ కరెంట్ లాగుతాయి, అప్పుడు అతుకు దగ్గర ఇంకా పడిపోతుంది, అలా గొలుసులా దిగి ఆరిపోతుంది. ఎండలో మాత్రమే ఎందుకు జరిగిందో ఇప్పుడు అర్థమైందిగా.

ముందు ముందు మోటారు పెట్టుకుంటే దాని బ్యాటరీకి దీన్ని కలపకు. మోటారు తిరిగినప్పుడు వోల్టేజ్ ఊగుతుంది, స్క్రీన్ నిండా గీతలొస్తాయి. వేరు బ్యాటరీ, వైర్లు కూడా దూరం దూరంగా.

లోతుచూపు

ఇప్పుడు సర్దుబాటు గురించి కాస్త. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నీటికి సమాంతరంగా ఉండాలి, మీరు కూర్చుని సామానంతా వేశాక, ఖాళీ కయాక్ మీద కాదు. మీ బరువుకి కయాక్ వెనక్కి వాలుతుంది, దాంతో బీమ్ ముందుకి చూస్తుంది. హల్ అడుగు కన్నా కొంచెం కిందికి దించండి, లేకపోతే హల్ పక్క నుంచి జారే బుడగలు దాని ముఖం మీదుగా వెళ్తాయి, తెడ్డు వేసిన ప్రతిసారీ బొమ్మ తెగుతుంది. రాయి తగిలితే వెనక్కి వాలేలా రాడ్ పిడిని మరీ గట్టిగా బిగించకండి.

బీమ్ ఎంత వెడల్పో కూడా మనసులో ఉంచుకోండి. 20 డిగ్రీల కోన్ అయితే ఆరు మీటర్ల లోతులో అడుగున సుమారు రెండు మీటర్ల వలయం కనపడుతుంది, 60 డిగ్రీలది అయితే దాదాపు ఏడు మీటర్లు. కాబట్టి వెడల్పు బీమ్ లో చేప కనపడిందంటే సరిగ్గా మీ కిందే ఉందని కాదు. కయాక్ నిలిచి ఉంటే, చేప కూడా నిలిచి ఉంటే స్క్రీన్ మీద చేప విల్లులాంటి వంపుగా రాదు, పొడుగు గీతలాగే వస్తుంది, ఆ గీత పొడుగ్గా ఉందని పెద్ద చేప అనుకోకండి. గీత ఎంత మందంగా ఉందో చూడండి.

పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకుంటారా? స్క్రీన్ బిగించే ముందు అవి పెట్టుకుని తల అటూ ఇటూ వంచి చూడండి, కొన్ని స్క్రీన్లు ఒక కోణంలో పూర్తిగా నల్లగా కనపడతాయి.

నీటిబాట

ఈరోజు పొద్దున మొదటిసారి పూర్తి ట్రిప్. ఏడున్నర గంటలు, ఒక్కసారి కూడా ఆరలేదు. ఇన్నాళ్ళూ నేను బురద అనుకున్న చోట అడుగు గట్టిగా ఉంది, కింద రెండో గీత (గట్టి అడుగు నుంచి శబ్దం రెండోసారి తిరిగొస్తే పడేది) కూడా స్పష్టంగా వస్తోంది. మూడు మీటర్ల నుంచి ఒక్కసారిగా ఆరుకి దిగే మెట్టు ఒకటి దొరికింది, దాని మీదుగా ఎన్నిసార్లు తెడ్డేసుకుంటూ వెళ్ళానో. ఆ మెట్టు అంచున ఆగి పది గ్రాముల జిగ్ (బరువున్న గాలం ఎర) నేరుగా కిందికి వదిలా, స్క్రీన్ మీద సన్నటి ఏటవాలు గీత దిగుతూ కనపడింది, అది నా జిగ్గే! పైకి లాగితే గీత కూడా పైకొచ్చింది. అడుగు నుంచి మందంగా ఇంకో గీత లేచి దాని దాకా వచ్చి కలిసింది, నేను ఊపిరి బిగబట్టి చూస్తుండగానే గాలం కర్ర వంగింది. ఒడ్డుకొచ్చాక చేతులు ఇంకా వణుకుతున్నాయి. లోతుచూపు గారు చెప్పినట్టు రాడ్ ని రెండు వేళ్ళు కిందికి దించాకే బొమ్మ తెగడం ఆగింది.

లోతుచూపు

చాలా ఆనందంగా ఉంది చదువుతుంటే. జిగ్ కనపడిందంటే సెన్సిటివిటీ సరిగ్గా ఉన్నట్టే, ఆ అంకె రాసి పెట్టుకోండి.

నీలిఅల

శభాష్ తమ్ముడూ. ఒడ్డుకి రాగానే కయాక్ లాగకముందే రాడ్ పైకెత్తి బ్యాటరీ ప్లగ్ పీకెయ్. ప్లగ్గులు మంచినీళ్ళతో కడిగి, ఆరాక మూతలు పెట్టు. తడి మీద మూత పెడితే లోపలే తుప్పు పడుతుంది. బ్యాటరీ డబ్బా మూత కూడా రాత్రంతా తెరిచే ఉంచు.